మందుచీటీకి నలభై దారులు

2003 డిసెంబర్ 8న అమెరికా అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ ఒక చట్టం మీద సంతకం చేశారు. అరవై అయిదేళ్లు నిండినవారికి, వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ బీమాలో ఇంటి దగ్గర వాడుకునే మందులకు కూడా చోటు కల్పించిన చట్టం అది. పార్ట్-డి అన్న పేరుతో 2006 జనవరి 1న అమల్లోకి వచ్చింది. పెద్దవాళ్లు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చినది చేతికి అందాక, దాని మీద వాళ్లకే అంత కోపం ఎందుకు వచ్చింది? ఆ కోపం దేశాన్ని నడిపేవాళ్ల మీదికి ఎందుకు మళ్లింది? ఈ ప్రశ్న మీద రెండు వైపుల వాదాలనూ వాటి పూర్తి బలంతో ఎదురెదురుగా నిలబెడుతున్నాను. ఒకరు ఆ చట్టాన్ని నిలదీసే విమర్శకుడు, మరొకరు దాని పక్షాన నిలిచే సమర్థకుడు. నా మొగ్గు ఎటో చదువుతుంటే తెలుస్తుంది. దాచాలని నాకు లేదు.

విమర్శకుడు: ప్రభుత్వ పథకాన్ని కొలవడానికి నాకు ఒక్క గీటురాయి చాలు. దాని మీద ఆధారపడ్డ మనిషి, వచ్చే నెల తన చేతి నుంచి ఎంత పోతుందో ముందుగా చెప్పుకోగలగాలి. 2006 నాటి పార్ట్-డిని ఆ రాయి మీద గీసి చూడండి. నెలకు 300 డాలర్ల మందులు వాడే ఒక పెద్దావిడను ఊహించుకుందాం. మొదటి 250 డాలర్లు పూర్తిగా ఆవిడవే. తర్వాత మందుల మొత్తం బిల్లు 2,250 డాలర్లకు చేరేదాకా నాలుగో వంతు ఆవిడది, మిగతాది బీమాది. అక్కడ బీమా చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. బిల్లు 5,100 డాలర్లు దాటేదాకా అంతా ఆవిడే కట్టుకోవాలి. దాటాక మళ్లీ బీమా వచ్చి సుమారు 95 శాతం మోస్తుంది. ఈ నడిమి ఖాళీకి అక్కడి జనం పెట్టిన పేరు డోనట్ చిల్లు. మన గారె మధ్య చిల్లు లాంటిదే. మన పెద్దావిడ ఆగస్టు నడిమికి అందులో పడుతుంది, డిసెంబర్ దాకా పైకి రాదు. ఆ నెలల్లో కూడా ప్రీమియం మాత్రం కడుతూనే ఉండాలి. జూలైలో 75 డాలర్లకు వచ్చిన మందులు సెప్టెంబర్‌లో 300 ఎందుకయ్యాయో ఆవిడ ఎవరిని అడగాలి? బీపీ, షుగర్ ఏడాది పొడవునా ఒకేలా ఉంటాయి. సాయం మాత్రం బిల్లు మీది అంకెను బట్టి వచ్చి పోతుంది. ఇది అర్థం కాకపోవడం వయసు తెచ్చిన లోపం కాదు. ఇందులో వైద్యపరమైన తర్కం ఏదీ లేదు. పదేళ్ల ఖర్చును 40 వేల కోట్ల డాలర్ల గీత లోపల ఇమడ్చడానికి గుడ్డను నడిమిలో కత్తిరించారు, అంతే.

సమర్థకుడు: కత్తిరించారన్నది నిజమే. కాని అంతకుముందు అసలు గుడ్డే లేదన్న సంగతి మరవకండి. 1965 జూలై 30న లిండన్ జాన్సన్ మెడికేర్ మీద సంతకం చేసినప్పుడు ఆ చట్టం ఆసుపత్రిని చూసింది, డాక్టరును చూసింది, ఇంట్లో వేసుకునే మాత్రను చూడలేదు. ఆనాటి వైద్యంలో మాత్రకు అంత పెద్ద పాత్ర లేదు. తర్వాతి దశాబ్దాల్లో గుండె, షుగర్, కొలెస్ట్రాల్ అన్నీ మాత్రల మీదే నడిచే రోజులొచ్చినా చట్టం మాత్రం అక్కడే ఆగిపోయింది. సుమారు నాలుగో వంతు వృద్ధులకు మందుల బీమా ఏ రూపంలోనూ లేదు. సరిహద్దు రాష్ట్రాల పెద్దవాళ్లు బస్సులెక్కి కెనడా వెళ్లి అవే మందులను తక్కువ ధరకు కొనుక్కొచ్చారు. 1999లో వెర్మాంట్ ప్రతినిధి బెర్నీ శాండర్స్ తన రాష్ట్రం నుంచి మాంట్రియల్‌కు రొమ్ము క్యాన్సర్ రోగులను అలా తీసుకెళ్లారు. ముప్పై ఎనిమిదేళ్లలో ఏ అధ్యక్షుడూ నిలబెట్టలేని పనిని బుష్ నిలబెట్టారు. 2006 జూన్ నాటికి 2 కోట్ల 20 లక్షల మందికి పైగా పార్ట్-డిలో చేరారు. తర్వాతి సర్వేలలో చేరినవాళ్లలో అత్యధికులు తృప్తిగానే ఉన్నామన్నారు. ప్రభుత్వ ఖర్చు కూడా మొదట వేసిన అంచనాల కంటే బాగా తగ్గింది. ప్రైవేటు కంపెనీలు పోటీ పడ్డాయి, మనుషులు తమకు తగింది ఎంచుకున్నారు. పెద్దవాళ్లకు ఎంపిక చేతకాదనడం వాళ్లను చిన్నపిల్లల్ని చేయడమే.

విమర్శకుడు: ఆ పథకం మేలు చేసిందని ఒప్పుకుంటాను. మందు కొనలేని మనిషికి మందు అందితే, అది ఎవరు ఇచ్చినా మంచిదే. నా అభ్యంతరమంతా మీరు ఎంపిక అని పిలుస్తున్న దాని మీద. చాలా రాష్ట్రాల్లో విడిగా మందుల కోసమే నలభైకి పైగా ప్లాన్లు వచ్చాయి. ఒక్కోదానికి ఒక్కో ప్రీమియం, ఒక్కో మందుల జాబితా, ఒక్కో రకం వాటా; ముందస్తు అనుమతి నియమాలు, అది చెల్లే షాపులు కూడా వేరు వేరు. ఆరు రకాల మాత్రలు వేసుకునే మనిషి ఆరింటినీ నలభై జాబితాల్లో వెతికి లెక్క కట్టాలి. ఆ లెక్కకు ప్రభుత్వం చూపిన ముఖ్యమైన సాధనం ఒక వెబ్‌సైట్. ఆనాటి వృద్ధుల్లో చాలామందికి ఇంటర్నెట్ అలవాటే లేదు. ఫోన్ చేద్దామంటే, జీఏఓ అనే ప్రభుత్వ తనిఖీ సంస్థ 2006లో మారువేషంలో కాల్స్ చేయించి చూసింది. మెడికేర్ సొంత ఫోన్ లైను మూడింట రెండు వంతుల సార్లే సరైన, పూర్తి జవాబిచ్చింది. బీమా కంపెనీల కాల్ సెంటర్లు మూడో వంతు సార్లే ఇచ్చాయి. అడిగితే సరైన జవాబు రాని చోట, 2006 మే 15 లోపల నిర్ణయించుకోకపోతే నెలకు ఒక శాతం చొప్పున ప్రీమియం మీద జరిమానా; పథకంలో ఉన్నంత కాలం ఆ బరువు వీపు మీదే. చేరినవాళ్లు ఏడాదంతా కట్టుబడి ఉండాలి, కంపెనీ మాత్రం నోటీసిచ్చి జాబితాలోంచి మందును తీసేయడానికి నియమాలు దారి వదిలాయి. ఒక పక్షానికే సంకెల ఉన్న ఒప్పందాన్ని ఎంపిక అనలేం. ఆర్థికవేత్తలు జేసన్ అబలక్, జొనాథన్ గ్రూబర్ ఈ ఎంపికలను పరిశీలిస్తే, డెబ్భై శాతానికి పైగా వృద్ధులు తమకు అందుబాటులో ఉన్న మెరుగైన ప్లాన్‌ను వదిలి మరోదాన్ని పట్టుకున్నారని తేలింది. వాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. కంటికి ముందుగా కనబడే ప్రీమియాన్ని చూసి ఎంచుకున్నారు. అసలు ఖర్చు జాబితాల లోపల దాక్కుని ఉంది.

సమర్థకుడు: కొత్త ఇంట్లో మొదటి వానకు నాలుగు చోట్ల కారుతుంది. అంతమాత్రాన ఇల్లు కట్టడమే తప్పవుతుందా? పథకం మొదలైన 2006 జనవరిలో మందుల షాపుల దగ్గర తలెత్తిన గందరగోళాలను ప్రభుత్వం ఒక్కొక్కటిగా సర్దుకుంది. ఏడాది మధ్యలో మందును తీసేసే వీలును కూడా, అప్పటికే ఆ మందు వాడుతున్నవాళ్ల విషయంలో, కొద్ది నెలల్లోనే కట్టడి చేసింది. ఇంకో సంగతి. నాయకుడు ఆదర్శ చట్టాన్ని కలగనడం వేరు, కాంగ్రెస్‌లో ఓట్లు కూడగట్టడం వేరు. 1988లో రీగన్ కాలంలో మందులకు కూడా రక్షణ ఇచ్చే ఒక మంచి చట్టం వచ్చింది. దాని ఖర్చును స్తోమత ఉన్న వృద్ధుల నుంచే పన్నుగా తీసుకోవాలనుకున్నారు. 1989 ఆగస్టులో షికాగోలో పెద్దవాళ్లు ఆ చట్టాన్ని తెచ్చినవారిలో ముఖ్యుడైన డాన్ రోస్టెన్‌కౌస్కీ కారును చుట్టుముట్టారు, ఆ ఏడాది ముగిసేలోగా కాంగ్రెస్ ఆ చట్టాన్నే రద్దు చేసుకుంది. ఆ దెబ్బ తిన్న వ్యవస్థ మళ్లీ పద్నాలుగేళ్లకు కదిలిందంటే అందరికీ కాస్త కాస్త ఇచ్చి కదిలింది: బీమా కంపెనీలకు వ్యాపారం, మందుల కంపెనీలకు భరోసా, బడ్జెట్ విషయంలో గట్టిగా ఉండేవాళ్లకు ఖర్చు మీద గీత. ఆ రాజీ లేకపోతే ఆ పెద్దావిడకు జూలైలో 75 డాలర్ల మందులు కూడా దొరికేవి కావు.

విమర్శకుడు: 1989 నుంచి మీరు తీసుకున్న పాఠమే నేనూ తీసుకుంటాను, కాని పూర్తిగా చదువుదాం. ఆ అదనపు పన్ను సగానికి పైగా వృద్ధులకు వర్తించేదే కాదు. వర్తించనివాళ్లు కూడా తమ మీదే పడుతుందని భయపడి వీధిలోకి వచ్చారు. అంటే ఆ చట్టాన్ని చంపింది పన్ను ఒక్కటే కాదు, ఎవరి మీద ఎంత పడుతుందో జనానికి తెలియకపోవడం కూడా. ఆ పాఠం నేర్చిన నాయకత్వం రెండోసారి అంతకంటే చిక్కైన చట్టాన్ని ఎలా తెస్తుంది? తెచ్చిన తీరు చూడండి. 2003 నవంబర్ 22 తెల్లవారుజామున ప్రతినిధుల సభలో ఓటింగ్‌ను దాదాపు మూడు గంటలు తెరిచి ఉంచి, మనసు మార్చుకున్న సభ్యులతో 220-215 తేడాతో నెగ్గించారు. మెడికేర్ ముఖ్య గణాంక నిపుణుడు రిచర్డ్ ఫాస్టర్ లెక్క ప్రకారం ఖర్చు 50 వేల కోట్ల డాలర్లు దాటుతుంది. ఆ అంకెలు కాంగ్రెస్‌కు చెబితే ఉద్యోగం పోతుందని పై అధికారి బెదిరించిన సంగతి తర్వాత బయటపడింది. ఆ అంచనా చివరికి ఎక్కువేనని తేలినా, ఓటు వేసేవాళ్ల నుంచి దాన్ని దాచడం తప్పు కాకుండా పోదు. చట్టాన్ని సభలో ముందుకు నడిపిన కమిటీ అధ్యక్షుడు బిల్లీ టాజిన్ 2005లో మందుల కంపెనీల సంఘానికి అధినేత అయ్యారు. ఇక జనవరి గందరగోళాన్ని మీరు వానకు కారడంతో పోల్చారు. కారింది అందరికంటే పేదవాళ్ల నెత్తి మీద. సుమారు అరవై లక్షల మందికి 2005 డిసెంబర్ 31 దాకా పేదల కోసం ఉన్న ప్రభుత్వ వైద్య పథకం మెడికెయిడ్ మందులిచ్చేది. మర్నాడు అది ఆగిపోయింది; వాళ్లను ఏ మందులు వాడుతున్నారో చూడకుండా ఏదో ఒక ప్లాన్‌లో వేశారు, షాపుల కంప్యూటర్లలో చాలామంది పేర్లే లేవు. చాలా రాష్ట్రాల ప్రభుత్వాలు ఖజానా నుంచి డబ్బు తీసి మందులిప్పించాల్సి వచ్చింది. ఇంత జరిగాక కూడా మే 15 గడువును ఎక్కువమందికి పొడిగించలేదు. రాజీ పడటం నాయకత్వమే, ఒప్పుకుంటాను. కాని ఆ రాజీలో కంపెనీల లాభానికి, బడ్జెట్ గీతకు, గెలుపు ప్రకటనకు చోటు దొరికితే, లెక్క తేల్చుకునే చాకిరీ మొత్తం రోగి వంతుకు వచ్చింది.

సమర్థకుడు: మీ మాటల వెనక ఒక కోరిక ఉంది: ప్రభుత్వమే కూర్చుని మందుల ధర బేరమాడాలని. చట్టం దాన్ని నిషేధించింది, అందుకు కారణాలున్నాయి. కొత్త మందు కనిపెట్టడానికి ఏళ్లూ డబ్బూ పోస్తేగాని కాదు. చాలా ప్రయత్నాలు మధ్యలోనే చచ్చిపోతాయి. అమెరికా చెల్లించే ధరే ఆ ప్రయత్నాలకు ఇంధనం. ప్రభుత్వం ధర నొక్కితే ఈ తరం వృద్ధులకు మందు చౌకవుతుంది, రేపటి రోగికి రావలసిన మందు రాకపోవచ్చు. పైగా కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయమే చెప్పింది: నిషేధం ఒక్కటి ఎత్తేసినంత మాత్రాన చెప్పుకోదగ్గ ఆదా రాదని.

విమర్శకుడు: ఇది మీ వాదంలో బలమైన భాగం, దీనికి జాగ్రత్తగా జవాబు చెప్పాలి. బడ్జెట్ కార్యాలయం అన్నదాని అర్థం, కాదని లేచి వెళ్లే శక్తి లేనివాడు బేరమాడి లాభం లేదని. అది బేరానికి బలం ఇవ్వమనే వాదం, బేరాన్ని నిషేధించమనే వాదం కాదు. అదే దేశంలో మాజీ సైనికుల శాఖ సొంత జాబితా పెట్టుకుని, చట్టం ఇచ్చిన రాయితీలతో బేరమాడుతుంది. 2017 ధరల్లో 399 మందులను జీఏఓ పోల్చి చూస్తే, ఆ శాఖ చెల్లించింది సగటున మెడికేర్ చెల్లించిన దానిలో సగం కంటే తక్కువ. ఖర్చు అంచనా కంటే తగ్గింది పోటీ వల్ల అన్నారు. పెద్ద కారణం పేటెంట్ల గడువు తీరి జెనరిక్ మందులు రావడం. పోటీ పనిచేసింది ఒకే మందును పదిమంది తయారు చేయగలిగిన చోట. ఒక్కడే అమ్మే మందు దగ్గర పలు బీమా కంపెనీలుగా చీలిపోయిన కొనుగోలుదారుకు బలం చాలలేదు. పరిశోధన తగ్గుతుందన్న భయం ఉత్త మాట కాదు, అందుకే అంకె అడుగుదాం. 2022 ఆగస్టు 16న బైడెన్ సంతకం చేసిన చట్టం మెడికేర్‌కు ఎంపిక చేసిన మందుల మీద బేరమాడే హక్కు ఇచ్చింది. దాని వల్ల ముప్పై ఏళ్లలో రాగల సుమారు 1,300 కొత్త మందుల్లో 13 తగ్గవచ్చని అదే బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది. అది నష్టమే. కాని ఈ రోజు మాత్రను సగం విరిచి వేసుకునే మనిషి నష్టాన్ని కూడా అదే త్రాసులో పెట్టాలి. మొదటి పది మందుల మీద కుదిరిన ధరలు జాబితా ధర కంటే 38 నుంచి 79 శాతం దాకా తక్కువ. 2026 జనవరి నుంచి అమలు. 2010లో ఒబామా తెచ్చిన చట్టం చిల్లును పూడ్చడం మొదలుపెట్టింది గాని ఈ నిషేధాన్ని ముట్టుకోలేదు. కనుక నా ఫిర్యాదు ఒక పార్టీ మీద కాదు. దాదాపు రెండు దశాబ్దాలు ఇరు పార్టీల నాయకులూ కంపెనీతో ముఖాముఖి కూర్చునే పనిని వాయిదా వేసి, వెబ్‌సైట్ ముందు కూర్చునే పనిని పెద్దవాళ్లకు అప్పగించారు.

సమర్థకుడు: కొత్త చట్టం కూడా ఉచితంగా రాలేదు. రోగి ఏడాది ఖర్చు మీద హద్దు పెడితే మిగతా భారం బీమా కంపెనీ మీదికి వెళ్లింది. అది ప్రీమియాలను పైకి నెట్టింది. 2025లో విడి మందుల ప్లాన్ల ప్రీమియాలు ఎగబాకకుండా ప్రభుత్వమే అదనపు సొమ్ము పెట్టాల్సి వచ్చింది. అలాంటి ప్లాన్ల సంఖ్య కూడా తగ్గింది. సరళత కావాలంటే ఎవరో ఒకరు దాని ధర కట్టాలి.

విమర్శకుడు: అవును, కట్టాలి. ఆ ధరను ఎవరు కట్టాలో బహిరంగంగా నిర్ణయించడమే నాయకత్వం. చిక్కుదనానికీ ధర ఉంది. అది బడ్జెట్ పుస్తకంలో కనబడదు, అంతే. పొరపాటు ప్లాన్‌కు కట్టిన అదనపు డబ్బులో, కొనకుండా వదిలేసిన మందులో, జీవితకాలపు జరిమానాలో అది ఉంది. అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 దాకా ప్రతి ఏటా ఈ లెక్క మళ్లీ మొదలవుతుంది. పిల్లల దగ్గరికి వెళ్లి గ్రీన్ కార్డుతో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులను తీసుకోండి. అరవై అయిదేళ్లు నిండి, వరుసగా అయిదేళ్లు అక్కడ నివసించాక వాళ్లు కూడా ప్రీమియం కట్టి మెడికేర్‌లో, పార్ట్-డిలో చేరవచ్చు. గడువులూ జరిమానాలూ వాళ్లకూ వర్తిస్తాయి. ఇంగ్లీషులో వచ్చే కవర్లను చదివిపెట్టే కొడుకో కూతురో ఉన్నవాళ్లు గట్టెక్కుతారు. కాని ఇంట్లో చదువుకున్న మనిషి, ఖాళీ సాయంత్రం, కంప్యూటర్ ఉంటే తప్ప అందని హక్కును హక్కు అనగలమా? ఆ మూడూ లేనివాళ్లే ఎక్కువ జబ్బుపడేవాళ్లు, ఎక్కువ మందులు వాడేవాళ్లు. చిక్కైన చట్టం అందరినీ సమానంగా చిక్కుల్లో పెట్టదు. బలహీనుణ్ణి ముందుగా పెడుతుంది.

ఇద్దరి మాటలూ విన్నాక నాకు తేలినది ఇది. సమర్థకుడు చెప్పిన చరిత్ర నిజం: 2003 చట్టం లేకపోతే తర్వాత సరిదిద్దడానికి ఏమీ ఉండేది కాదు. ప్లాన్ల వరుస ఇప్పటికీ పోలేదు, శరదృతువులో లెక్కలు ఇప్పటికీ తప్పలేదు. అయితే 2022 చట్టంలో రెండు వాక్యాలున్నాయి: ఒక్కో రకం ఇన్సులిన్‌కు నెలకు 35 డాలర్లకు మించి కట్టనక్కరలేదు, పథకం కింద వచ్చే మందులన్నిటికీ కలిపి ఏడాదికి 2,000 డాలర్లకు మించి కట్టనక్కరలేదు. మొదటిది 2023లో, రెండోది 2025లో అమలైంది. 2026కు ఆ హద్దు 2,100. విమర్శకుడి పెద్దావిడ ఆ రెండు అంకెలనూ ఏ వెబ్‌సైటూ తెరవకుండా గుర్తు పెట్టుకోగలదు. అంత స్పష్టంగా చెప్పడం చేతనైన ప్రభుత్వానికి అది 2006లోనూ చేతనయ్యేదే. అప్పుడు కొరవడింది కంపెనీలకు ఎదురు నిలిచి ఆ హద్దు గీసే సంకల్పం. పెద్దవాళ్ల కోపం నాయకుల వైపు తిరగడం అందుకే న్యాయమని నేను నమ్ముతున్నాను.